క్లైవ్ కట్టించిన క్లేర్‌మాంట్ మేడ బడి ఎలా అయింది? ఇంటి వాడకాల చరిత్ర రాయడం ఎలా?

అయ్యకోనేరు గట్టు, విజయనగరం:

అందరికీ నమస్కారం. డిగ్రీ చరిత్ర విద్యార్థుల చేత చార్టుల ప్రదర్శన పెట్టిస్తున్నాం. ఒక పక్క మన కోట, రాజుల నివాసం నుంచి మాన్సాస్ (రాజకుటుంబం పెట్టిన విద్యా ట్రస్టు) కాలేజీల దాకా. దానికి జోడీగా ఇంగ్లండులో ఒక కంట్రీ హౌస్ (పల్లెలో పెద్ద కుటుంబాల మేడ) పెట్టాలని అనుకున్నాం. లండన్‌కి నైరుతిగా సర్రే కౌంటీలో ఈషర్ ఊరి దగ్గరున్న క్లేర్‌మాంట్‌ని ఎంచుకున్నాం. దానికి కారణం ఈస్టిండియా కంపెనీ అధికారి రాబర్ట్ క్లైవే. ఉత్తర సర్కారులకు 1765లో మొగల్ ఫర్మానా సంపాదించిన మనిషి డబ్బు ఏ ఇంట్లోకి వెళ్లిందో, ఆ ఇల్లు ఇప్పుడేం చేస్తోందో మన పిల్లలు తెలుసుకోవాలని.

మూడు సందేహాలు. ఒకచోట ఈ ఇల్లు వాన్‌బ్రో కట్టాడని ఉంది, ఇంకోచోట బ్రౌన్ కట్టాడని ఉంది. ఏది సరి? రెండు, ఇన్ని చేతులు ఎందుకు మారింది? మూడు, యజమానుల జాబితా కాకుండా ఇంటి వాడకం ఎలా మారిందో చూపాలంటే ఏ ఆధారాలు వెతకాలి, గోడల్లో ఏం చూడాలి? ఇక్కడ కూర్చుని చేయగలిగినవి చెబితే మేలు.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

మాస్టారూ, మొదటి సందేహానికి జవాబు: రెండూ సరే, కాకపోతే అవి రెండు వేర్వేరు ఇళ్లు. చార్టులో ముందు ఈ ముడి విప్పండి, లేకపోతే తర్వాతి తేదీలన్నీ తప్పు ఇంటికి అతుక్కుంటాయి.

మొదటిది నాటక రచయిత, వాస్తుశిల్పి అయిన జాన్ వాన్‌బ్రో 1708లో ఆ స్థలం కొని తన కోసం కట్టుకున్న చిన్న ఇల్లు. 1714లో దాన్ని థామస్ పెల్హామ్ హోలెస్‌కి అమ్మాడు. ఈయనే తర్వాత న్యూకాసిల్ డ్యూక్, రెండుసార్లు ప్రధానమంత్రి. డ్యూక్ కోసం వాన్‌బ్రోయే ఆ ఇంటిని రెక్కలు తొడిగి పెద్దది చేశాడు, గుట్ట మీద బెల్వడీర్ అనే బురుజు కట్టాడు. తోటలో చార్లెస్ బ్రిడ్జ్‌మన్ పచ్చిక మెట్ల రంగస్థలం మలిచాడు, మూడు ఎకరాల దాకా ఉంటుంది. తర్వాత విలియం కెంట్ వచ్చి చెరువును సహజంగా కనిపించేలా మార్చాడు. అప్పట్లో ఆ ఇంటి పని మంత్రులకు, పార్లమెంటు సభ్యులకు విందులివ్వడం. అంటే అది నివాసం కంటే ఎక్కువగా రాజకీయ కార్యాలయం. ఈ మాట చార్టులో తప్పక రావాలి. బడి అయినప్పుడే ఇల్లు 'మారింది' అనుకుంటారు జనం, నిజానికి ఈ రకం ఇళ్లు మొదటి నుంచీ ఒక్క పనికి కట్టినవి కావు.

డ్యూక్ 1768లో చనిపోయాక ఆయన భార్య దగ్గర క్లైవ్ కొన్నాడు. ఇల్లు పల్లంలో ఉంది, చెమ్మ. కట్టి అరవై ఏళ్లు దాటాయో లేదో, దాన్ని పడగొట్టించి, కాస్త ఎత్తైన పొడి నేల మీద కొత్త మేడ కట్టించాడు. పని అప్పజెప్పింది తోటల రూపశిల్పి లాన్సెలట్ బ్రౌన్‌కి, ఆయనతో పాటు వాస్తుశిల్పి హెన్రీ హాలండ్‌కి. హాలండ్ దగ్గర అప్పుడు కుర్రవాడుగా పనిచేస్తున్న జాన్ సోన్ చేయి కూడా ఇందులో ఉంది. ఇవాళ నిలిచి ఉన్నది ఇదే. లేత రంగు ఇటుక, రాతి అంచులు, ముందు నాలుగు కొరింథియన్ స్తంభాల ముఖమంటపం, దానికి పొడవాటి మెట్ల వరస. లోపల హాలు గది నలుచదరమే, కానీ ఎర్ర స్తంభాలను అందులో కోడిగుడ్డు ఆకారంలో నిలబెట్టారు. ఆ స్తంభాలు రాయి కాదు, స్కాగ్లియోలా. జిప్సమ్, జిగురు, రంగులు కలిపి పూసి పాలరాయిలా మెరుగు పెట్టే పని.

ఖర్చు లక్ష పౌండ్లకు పైమాటే అంటారు. 1772-73లో క్లైవ్ సంపాదన మీద పార్లమెంటులో విచారణ నడుస్తున్నప్పుడు ఇక్కడ ఇటుక పేరుస్తున్నారు. 1774 నవంబరులో ఆయన చనిపోయేనాటికి ఇంట్లో కాపురం పెట్టనే లేదు. క్లైవ్ 'నివసించిన' ఇల్లు అని రాయకండి, 'కట్టించిన' ఇల్లు అనండి.

అయ్యకోనేరు గట్టు:

చాలా బాగా విడమర్చారు, కృతజ్ఞతలండీ. తర్వాత ఈ ఇల్లు ఇంగ్లండు రాజకుటుంబం చేతికి వచ్చిందని చదివాను, మరి మళ్లీ ఎందుకు జారిపోయింది? ఆ భాగం ఎక్కడా వరసగా దొరకడం లేదు.

నాగావళి ఒడ్డు:

క్లైవ్ తర్వాత ముగ్గురు నలుగురు ప్రైవేటు యజమానులు. వాళ్లను ఒక్క వాక్యంలో దాటేయొచ్చు. చివరివాడు చార్ల్స్ రోజ్ ఎల్లిస్, జమైకాలో చెరకు తోటల ఆస్తిపరుడు. క్లైవ్‌కి బెంగాలు, ఎల్లిస్‌కి జమైకా. ఆ ఇంటి పోషణకి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చేదో చూపడానికి ఈ రెండు పేర్లు పక్కపక్కన పెడితే చాలు.

1816లో ప్రభుత్వం 66,000 పౌండ్లకు కొని యువరాణి షార్లట్‌కి, ఆమె భర్త లియోపోల్డ్‌కి నివాసంగా ఇచ్చింది. 1817 నవంబరులో ఆమె ప్రసవంలో అక్కడే చనిపోయింది, బిడ్డా దక్కలేదు. సింహాసనానికి వారసురాలు ఆమె. ఆమె పోవడం వల్లే చివరికి విక్టోరియా రాణి అయింది. లియోపోల్డ్ 1831లో బెల్జియం రాజైనా ఇంటి మీద హక్కు జీవితాంతం ఆయనదే. 1848లో ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ గద్దె దిగి పారిపోయి వస్తే ఈ ఇంట్లో తలదాచుకున్నాడు. 1850లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన రాణి మేరీ అమేలీ 1866 దాకా ఉంది. పద్దెనిమిదేళ్లపాటు పరాయి రాజవంశం ప్రవాసానికి ఇల్లయింది.

1882లో విక్టోరియా దాన్ని తన కొడుకు, ఆల్బనీ డ్యూక్ లియోపోల్డ్ కోసం సొంతం చేసుకుంది. ఆయన 1884లో పోయాడు, భార్య హెలెన్ అక్కడే ఉండిపోయింది. అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. వాళ్ల కొడుకు చార్ల్స్ ఎడ్వర్డ్ 1900లో జర్మనీలోని సాక్స్ కోబర్గ్ గోథాకి పాలకుడై వెళ్లాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పక్షాన నిలిచాడు. 1917లో బిరుదుల రద్దు చట్టం వచ్చింది, 1919లో ఆయన బ్రిటిష్ బిరుదులు పోయాయి. 1922లో తల్లి చనిపోయాక ఆస్తి ఆయనకి రావాల్సింది, కానీ శత్రుపక్షం మనిషి ఆస్తి అని ప్రభుత్వం స్వాధీనం చేసుకుని అమ్మేసింది. ఒక నౌకా వ్యాపారి, ఆయన తర్వాత ఒక ఫైనాన్షియర్ కొన్నారు. చుట్టూ పార్కు భూమి ఇళ్ల స్థలాలుగా తెగింది. 1930 నాటికి మేడ ఖాళీ, పడగొట్టే జాబితాలో ఉంది. ఆ సమయంలో దక్షిణ లండన్‌లోని ఒక బడి వాళ్లు మేడని, బెల్వడీర్‌ని, గుర్రపుశాలల్ని, ముప్ఫై ఎకరాల దాకా నేలని కొని 1931లో అక్కడికి మారారు. రెండో యుద్ధంలో బడి వేరేచోటికి తరలింది, హాకర్ విమాన కంపెనీ డిజైన్ ఆఫీసు ఇందులో పెట్టారు. యుద్ధం తర్వాత మళ్లీ బడే. 1978 నుంచి దాని పేరు క్లేర్‌మాంట్ ఫ్యాన్ కోర్ట్ స్కూల్.

తోట మాత్రం వేరు దారి పట్టింది. చెరువు, పచ్చిక మెట్లు ఉన్న సుమారు 49 ఎకరాలు 1949లో నేషనల్ ట్రస్టుకి (పాత ఇళ్లు, తోటలు కాపాడే సంస్థ) చేరాయి. అప్పటికి పొదలు కమ్మేసి మెట్ల ఆకారమే కనబడేది కాదు. 1975లో మొదలుపెట్టి నరికి బయటికి తీశారు. ఇవాళ జనం టిక్కెట్టు కొని చూసేది తోట, ఇల్లు కాదు. ఫోటోలు తీసుకునేటప్పుడు ఈ రెంటినీ కలిపేయకండి.

వంశధార, టెక్కలి:

రెండో సందేహానికి ఇంకాస్త జోడిస్తాను. క్లేర్‌మాంట్‌ది యుద్ధం వల్ల వచ్చిన ప్రత్యేకమైన కథ. మిగతా ఇళ్లు చేతులు మారడానికి మామూలు కారణాలు వేరు, అవి చెప్పకపోతే పిల్లలు అన్నిటికీ యుద్ధమే కారణం అనుకుంటారు.

1870ల చివర నుంచి అమెరికా గోధుమ చవకగా దిగి ఇంగ్లండులో పంట ధరలు, కౌలు పడిపోయాయి. ఈ ఇళ్లు బతికేది కౌలు మీదే. 1882 చట్టం తర్వాత, అంతకుముందు కుటుంబ ఒప్పందాల్లో కట్టుబడి ఉన్న భూమిని కూడా అమ్ముకునే వీలు వచ్చింది. 1894లో ఆర్థికమంత్రి హార్‌కోర్ట్ వారసత్వ పన్నును కొత్తగా సవరించాడు. అప్పుడు గరిష్ఠ రేటు 8 శాతం. 1919లో 40, 1949లో పెద్ద ఆస్తుల మీద 80 శాతం. ఇందులో దెబ్బ ఎక్కడంటే, యజమాని చనిపోయినప్పుడల్లా పడుతుంది. యుద్ధంలో తండ్రి, వెంటనే కొడుకు పోయిన కుటుంబాలు కొన్నేళ్లలోనే మళ్లీ మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఛాట్స్‌వర్త్ మేడ యజమాని డెవన్‌షైర్ డ్యూక్ 1950లో చనిపోతే 80 శాతం పన్ను కింద హార్డ్‌విక్ హాల్ అనే మరో మేడనే ప్రభుత్వానికి ఇచ్చేశారు. అది 1959లో నేషనల్ ట్రస్టుకి వెళ్లింది.

మన జమీందార్లకు జరిగింది ఇంకో రకం. ఇక్కడ 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కౌలు రాబడినే ఒక్కసారి తీసేసింది. భవనం మిగిలింది, దాన్ని పోషించే భూమి పోయింది. అక్కడ తరం తరానికీ కోత పడింది, ఇక్కడ ఒకే వేటు. అందుకే మన వైపు కోటలు, బంగళాలు పదేళ్ల లోపే బళ్లుగా, ఆఫీసులుగా, ట్రస్టు ఆస్తులుగా మారాయి. మాన్సాస్ ఏర్పడింది 1958లో. మీ రెండు చార్టులకీ మధ్యన ఈ పోలిక ఒక్కటి పెద్ద అక్షరాలతో పెట్టండి మాస్టారూ, మిగతా అలంకారం తగ్గినా పరవాలేదు.

గంటస్తంభం, విజయనగరం:

గోడల్లో ఏం చూడాలన్న సంగతి నేను చెబుతాను. పాత కట్టడాల మరమ్మతు చేసేవాళ్లు ముందు చూసేవి ఇవే.

గదిలోకి వెళ్లగానే పైకి చూడండి. గోడకీ కప్పుకీ మధ్య అచ్చుపూల కార్నీసు ఉంటుంది. అది గది నాలుగు గోడల వెంటా తిరిగి మూలల్లో చక్కగా కలిస్తే ఆ గది ఆకారం మొదటిది అనుకోవచ్చు. ఒక గోడ కార్నీసును మధ్యలో కోసుకుంటూ వెళ్తే, లేదా ఆ ఒక్క గోడ మీద కార్నీసే లేకపోతే, ఆ గోడ తర్వాత లేపినది. బళ్లు, ఆఫీసులు హాలుని గదులుగా విడగొట్టినప్పుడు సరిగ్గా ఇలాగే చేస్తారు. దీన్ని ఇంకో గుర్తుతో సరిచూసుకోవాలి. చలిమంట గూడు గది మధ్యలో కాకుండా మూలకి జరిగి ఉంటే గదిని ఎవరో చీల్చారు. రెండు గుర్తులూ కలిస్తేనే రాయండి. కార్నీసుని తర్వాత అచ్చు తీసి కొత్త గోడకి కూడా తిప్పిన ఇళ్లు ఉన్నాయి. దగ్గరగా చూస్తే పాత దానికి పొరల కొద్దీ రంగు ఎక్కి పూల అంచులు మొద్దుబారి ఉంటాయి, కొత్తది పదునుగా ఉంటుంది.

మూసేసిన కిటికీ కనబడగానే 'కిటికీ పన్ను వల్ల' అని రాసేయడం బాగా వ్యాపించిన పొరపాటు. ఆ పన్ను 1696 నుంచి 1851 దాకా ఉంది, నిజమే. కానీ బయటి ముఖం రెండు పక్కలా సమానంగా కనబడాలని మొదట్లోనే ఉత్తుత్తి కిటికీలు పెట్టడం ఆ కాలపు మేడల్లో మామూలు. తేడా ఇటుకలో తెలుస్తుంది. తర్వాత మూసినదైతే చట్రం చుట్టూ పైనుంచి కిందికి నిట్టనిలువు అతుకు గీత ఉంటుంది, లోపలి ఇటుక వరసలు గోడ వరసలతో కలవవు. మొదటిదైతే వరసలు గోడతో పెనవేసుకుని సాగుతాయి. ఇటుక మీద కూడా 1784 నుంచి 1850 దాకా పన్ను ఉండేది, లెక్కకి పన్ను కాబట్టి కొన్నిచోట్ల పెద్ద ఇటుకలు చేశారు. అయినా ఒక్క సైజు చూసి తేదీ చెప్పకూడదు.

అటక ఎక్కగలిగితే చెక్క మీద రంపం గాట్లు చూడండి. తిన్నగా, కాస్త వంకరటింకరగా ఉంటే గోతి రంపం, అంటే గోతి మీద దుంగ పెట్టి పైనొకరు కిందొకరు చేత్తో లాగేది. వంపు గీతలుగా ఉంటే గుండ్రటి యంత్రపు రంపం, అంటే పందొమ్మిదో శతాబ్దపు పని. మేకు నలుపలకలుగా సుత్తి దెబ్బలతో ఉంటే చేతిది, సన్నగా గుండ్రంగా ఉంటే తీగ మేకు, పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి. పాత దూలాలు కొత్త ఇంట్లో మళ్లీ వాడేవాళ్లు, అందుకే పనిలేని గాడులు, రంధ్రాలు ఉన్న దూలంతో ఇంటి వయసు కట్టొద్దు.

పనివాళ్ల జాడ వేరే. యజమానుల వైపు తలుపుకి పలకలు, అచ్చులు. అదే తలుపు పనివాళ్ల వైపు సాదాగా ఉంటుంది. కొన్నిటికి చప్పుడు రాకుండా పచ్చ ఉన్నిగుడ్డ కొట్టేవారు. గంట తీగల కోసం కప్పు మూలల్లో చిన్న ఇనుప మడతలు మిగిలి ఉంటాయి. క్లేర్‌మాంట్‌లో పనివాళ్ల గదులకు వేరే రెక్కలు కట్టకుండా వంట, సామాను అంతా సగం నేలలోకి దిగిన కింది అంతస్తులో పెట్టారు. నాలుగు వైపులా తోట కనబడాలన్నది ఉద్దేశం.

ఇళ్లు కూలడానికి కారణం వాడకం మారడం కాదు, రెండు వాడకాల మధ్య ఖాళీ. ఇంగ్లీషు మేడల్లో పిట్టగోడ వెనక సీసపు రేకు తొడిగిన నీటి కాలవ ఉంటుంది. ఆకులు పడి అది పూడుకుంటే నీళ్లు రేకు అంచు దాటి గోడలోకి దిగుతాయి, గోడలో కూర్చున్న దూలం కొన తడుస్తుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిస్తే బూజు తెగులు పట్టుకుంటుంది. అది ఇటుక గోడ గుండా కూడా పక్క చెక్కకి పాకుతుంది. రెండు మూడు చలికాలాలు ఎవరూ ఎక్కి చూడకపోతే చాలు. మన మద్రాసు టెర్రస్ మిద్దెలకీ చావు అక్కడి నుంచే వస్తుంది: తూము పూడుతుంది, రావి మొక్క మొలుస్తుంది, టేకు దూలం కొనకి చెద పడుతుంది. మే నెలలో ఒకసారి, తుపాన్ల ముందు అక్టోబరులో ఒకసారి తూములు తీయించండి. గానుగ సున్నం గోడ మీద సిమెంటు పూత అసలు వద్దు. సున్నం చెమ్మని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే ఆపి ఉప్పుని పైకి తోస్తుంది, పూత పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది.

అయ్యకోనేరు గట్టు:

గురువు గారూ, ఒక్క అనుబంధ ప్రశ్న. ఇల్లు బడి అయితే అంతస్తు బరువు సంగతి? ఇక్కడ మిద్దె మీద గదిలో పుస్తకాల బీరువాలు పెడదామని ఆలోచన నడుస్తోంది.

గంటస్తంభం:

లైబ్రరీ మాత్రం పైన పెట్టకండి బాబూ. కట్టడాల బరువులకు మన భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం నివాస గదికి చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువు లెక్క కడతారు, తరగతి గదికి 300, పుస్తకాల అరల గదికి 2.2 మీటర్ల ఎత్తు దాకా 600. అంటే కాపురానికి కట్టిన అంతస్తు మీద మూడింతలు. మద్రాసు టెర్రస్‌లో దూలాల మీద దంతెలు, వాటి మీద ఐమూలగా నిలబెట్టిన సన్న ఇటుకలు, ఆపైన దిమ్మిస కొట్టిన ఇటుక జెల్లీ సున్నం ఉంటాయి. ఆ సొంత బరువే చాలా ఎక్కువ. బీరువాలు కింది గదిలో, గోడకి జానెడు ఎడంగా పెట్టండి. పైన తరగతి పెట్టాలన్నా ముందు ప్రతి దూలం రెండు కొనలూ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. అరంగుళం కంటే లోతుగా మెత్తగా దిగితే ఇంజనీరు చూసేదాకా గది మూసేయండి.

వంశధార:

కాగితాల సంగతి మిగిలింది. ఇంగ్లండు వైపు ఇక్కడి నుంచే చూడగలిగేవి మూడు. ఒకటి హిస్టారిక్ ఇంగ్లండ్ వారి జాతీయ వారసత్వ జాబితా, ఉచితం. క్లేర్‌మాంట్ మేడ అందులో మొదటి గ్రేడు. ఆ వివరణ కట్టడాన్ని గుర్తుపట్టడానికి రాసింది, పూర్తి చరిత్ర కాదు. అందులో లేదంటే జరగలేదని కాదు. రెండు, స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఆర్డినెన్స్ సర్వే పాత మ్యాపులు. మైలుకి 25 అంగుళాల స్కేలు తీసుకోండి, గుర్రపుశాల, గాజు తోట, పంపు గది కూడా విడిగా కనబడతాయి. రెండు ముద్రణలు పక్కపక్కన పెడితే ఏ రెక్క ఎప్పుడు చేరిందో, పార్కు ఎప్పుడు తెగిందో తెలుస్తుంది. మూడు, జనాభా లెక్కలు. ఇంటింటి పేర్లతో 1841 నుంచి 1921 దాకా పదేళ్లకొకటి. 1931వి కాలిపోయాయి, 1941లో తీయలేదు, ఆ మధ్యలో 1939 సెప్టెంబరు రిజిస్టరు ఒకటే దిక్కు.

జనాభా లెక్కలతో ఒక ఉచ్చు ఉంది. అవి ఎక్కువగా మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఒక రాత్రి తీసినవి. పార్లమెంటు నడిచే రోజులు కాబట్టి పెద్ద కుటుంబాలు లండన్‌లో ఉంటాయి. పల్లెలోని మేడలో ఇంటి పెద్ద పనిమనిషి, ఇద్దరు ముగ్గురు పనిపిల్లలు మాత్రమే కనబడతారు. అది చూసి 'ఇల్లు పాడుబడింది' అని రాస్తే పెద్ద తప్పవుతుంది. అదే కుటుంబాన్ని లండన్ చిరునామాలో కూడా వెతికి రెండూ కలపాలి.

మన కోటకి, చుట్టుపక్కల జమీందారీ బంగళాలకి: 1907 విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌తో మొదలుపెట్టండి. ఎస్టేటు గ్రామాల్లో భూమి ఎవరి పేరున ఏ వాడకంగా నమోదైందో 1948 చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో ఉంటుంది, తహసీల్దారు ఆఫీసులో నకలు అడగాలి. అందులో 'కోట', 'బంగళా', 'తోట', 'పోరంబోకు' అని రాసిన మాటలే మీకు కావలసిన వాడకాల చరిత్ర. అమ్మకాలకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీయండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకుముందువి పుస్తకాల్లో చేత్తో వెతికించుకోవాలి. సర్వే నంబరుతో పాటు పాత ఇంటి నంబరు, నాలుగు హద్దులు రాసి ఇవ్వండి, లేకపోతే ఖాళీ ఈసీ చేతిలో పెడతారు.

నాగావళి ఒడ్డు:

శ్రీకాకుళం వైపు బంగళా ఏదైనా జోడించే ఆలోచన ఉంటే ఒక మాట. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా ఏర్పడేదాకా చికాకోలు, టెక్కలి, ఇచ్ఛాపురం అన్నీ గంజాం జిల్లా. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950 నుంచే శ్రీకాకుళం జిల్లా. కాబట్టి 1936కి ముందు కాగితాలు విశాఖ గెజిటీర్‌లో దొరకవు, గంజాం జిల్లా పేరున వెతకాలి. ఊరి పేరు కూడా 'చికాకోల్' అనే ఇంగ్లీషు స్పెల్లింగ్‌తోనే చూడండి.